అప్పడం అంచు గుండ్రంగా ఎందుకు లేదు?

బరంపురం.

చిరంజీవులైన మనుమలకు, మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరొక ప్రశ్న అడిగారు. అత్త ఆఫీసులో బొమ్మలన్నీ కంప్యూటరే వేసేస్తుంటే, ఇక అత్త, ఆ మిగిలినవాళ్లు రోజంతా చేసే పని ఏమిటని. ఆ పూట నవ్వి ఊరుకున్నాను గాని, అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో కొట్లకు బోర్డులు రాసి, ఫ్లెక్సులు వచ్చాక కుంచెలు కడిగి అటక మీద పెట్టినవాణ్ణి కనుక, యంత్రం వచ్చి చేతిలో పని పట్టుకుపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడు మీ అత్త ఆఫీసులోనే అక్షరాలు సరిచూసే పనికి కుదిరాను కనుక, యంత్రానికి చేతకాక వదిలేసినది ఏమిటో కూడా రోజూ చూస్తున్నాను.

ముందు ఆ ఆఫీసు సంగతి చెబుతాను. బ్రాండు అన్న ఇంగ్లీషు మాటకు పాత అర్థం, కాల్చిన ఇనుముతో పశువు ఒంటి మీద వేసే గుర్తు. మనవాళ్లూ దేవుడి పేరున ఆంబోతుకు అచ్చు వేసి ఊరి మీద వదిలేవారు. అచ్చోసిన ఆంబోతు అన్న తిట్టు అక్కడి నుంచి వచ్చినదే. అది ఎవరి చేలో పడినా, ఫలానా దేవుడిదని ఆ అచ్చు చెబుతుంది. సరుకు మీది గుర్తు చేసే పనీ అదే. 1966 నుంచి అమూల్ వెన్న ప్రకటనల్లో కనబడుతున్న చుక్కల గౌను పిల్లను, పక్కన పేరు లేకపోయినా మీరు గుర్తుపడతారు కదా. అంత పెద్ద సంస్థలకు పెద్ద పెద్ద ఏజెన్సీలు పనిచేస్తాయి. బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు చేసి అమ్ముకునేవారికి, పట్టు నేసేవారికి, పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చెక్కేవారికి పేరు, గుర్తు, ప్యాకెట్టు, దాని మీద రాసే నాలుగు మాటలు తయారుచేసి ఇచ్చే చిన్న ఏజెన్సీ మీ అత్తది. మేడ మీద ఒక గది, నలుగురు మనుషులు, మూడు కంప్యూటర్లు.

పోయిన నెల ఒక మామ్మగారు వచ్చారు. నలుగురు ఆడవాళ్లను పెట్టుకుని ఇంట్లోనే మినప అప్పడాలు చేసి, ఇన్నాళ్లూ పేరూ ఊరూ లేని కవర్లలో కట్టి అమ్మినావిడ. కవరు మీద ఏదో ఒక బొమ్మ ఉండాలని కొట్లవాళ్లు అడుగుతున్నారట. మా ఒడియా కుర్రవాడు ఆవిడ చెప్పినదంతా, కంప్యూటర్‌లో ఏఐ అంటారే, ఆ యంత్రానికి అందించగా, ఆవిడ మంచినీళ్లు తాగేలోపల నలభై పేర్లు, ఇరవై బొమ్మలు వచ్చి పడ్డాయి. మామ్మగారు నోరు తెరిచారు. నేనూ తెరిచాను, ఎందుకంటే ఒక బోర్డుకు సుద్ద దారంతో గీతలు కొట్టుకోవడానికే నాకు పూట గడిచేది. అయితే చదవడం మొదలుపెట్టాక చూస్తే, అమ్మమ్మ, పల్లె, రుచి, స్వచ్ఛం అన్న నాలుగు మాటలను అటూ ఇటూ తిప్పి కట్టిన పేర్లే నలభైలో సగానికి పైగా ఉన్నాయి. ఒడిశా అన్నాము కనుక కోణార్క చక్రం సగం బొమ్మల్లో వచ్చి కూర్చుంది. అప్పడాలకూ సూర్యదేవాలయానికీ ఎండ తప్ప చుట్టరికమేముంది?

ఇలా ఎందుకవుతుందో కొంచెం ఓపికగా వినండి. మాటలు కూర్చే యంత్రం లెక్కలేనన్ని పుటలు నమిలి, ఒక మాట ముక్క తరువాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కకట్టి, ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతుంది. బొమ్మలు వేసే యంత్రాల్లో చాలావాటి పద్ధతి వేరు. పాత టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనబడే ఇసుక లాంటి చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, మనం అడిగిన మాటలకు తగినట్టు ఆ ఇసుకను అంచెలంచెలుగా తుడుస్తూ అడుగున ఒక బొమ్మను తేలుస్తుంది. రెంటికీ పెట్టుబడి మాత్రం ఒక్కటే. ఇదివరకు మనుషులు రాసినవి, గీసినవి, తీసినవి. అందువల్ల వెయ్యిమంది చేసినది దానికి చక్కగా వస్తుంది, ఒక్కరు మాత్రమే చేసినది ఆ లెక్కలో మునిగిపోతుంది. అచ్చు వేయవలసినదేమో ఆ ఒక్కరికి.

ఇక్కడ నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు వస్తారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఆయన సవర భాష నేర్చుకోదలచినప్పుడు, తెరిచి చదవడానికి ఆ భాషకు పుస్తకం లేదు. సవరలతో మాట్లాడి, విని, రాసుకుని, ఏళ్ల తరబడి కూర్చిన ఆయన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. యంత్రం చదవగలిగినదంతా ఎవరో ఒకరు అలా ముందే రాసిపెట్టినదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన గంజాంలో, ఒడియా కలిసిన మన ఇంటి తెలుగును ఎవరు కాగితం మీద పెట్టారు? అందుకే అది కంప్యూటర్‌లో రాదు. యంత్రం మాకు రాసి ఇచ్చే తెలుగు వార్తలు చదివేవాళ్ల తెలుగు. తప్పు లేదు, ఉప్పూ లేదు.

మర్నాడు మీ అత్త, మా దగ్గర మాటలు రాసే అమ్మాయి, నేను మామ్మగారి డాబా ఎక్కాము. పాత పంచెలు పరిచి వాటి మీద అప్పడాలు ఆరబెట్టి ఉన్నాయి. యంత్రం వేసిన ఇరవై బొమ్మల్లోనూ అప్పడాలు రూపాయి బిళ్లల్లా గుండ్రంగా ఉన్నాయి. ఇక్కడ ఒక్కటీ అలా లేదు. అప్పడాల పీట మీద కర్రతో ఒత్తి, తీసేటప్పుడు బొటనవేలితో అంచు పట్టుకుంటారు కనుక, ఆ వేలు పడినచోట అంచు కొద్దిగా లోపలికి నొక్కుకుపోతుంది. ఇది ఇలా ఉందేం మామ్మగారూ అని మీ అత్త అడిగితే, మిషను అప్పడానికి ఆ నొక్కు ఉండదమ్మా, కొనేవాళ్లు దాన్నే చూసుకుంటారు అని ఆవిడ చాలా మామూలుగా చెప్పి, పిండి ఆరిపోతుందని లోపలికి వెళ్లిపోయారు. మీ అత్త సంచిలోంచి తెల్ల కాగితం తీసి, ఒక అప్పడాన్ని దాని మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసింది. గుర్తు అదే అయింది. ఆ గీత లోపల, కచ్చాపచ్చాగా దంచిన మిరియం పలుకుల్లా ఏడు చుక్కలు పెట్టారు. నేను ఎనిమిది పెట్టమన్నాను గాని, వినలేదు.

గీత దొరికాక మళ్లీ యంత్రమే చాకిరీ చేసింది. దానికి అన్యాయం చేయకూడదు. ఆ ఒక్క గీతను నాలుగు సైజుల ప్యాకెట్లకు సర్ది, యాభై రంగుల్లో వేసి, కొట్టు అరలో మిగతా సరుకుల పక్కన పెడితే ఎలా ఉంటుందో ఒక్క సాయంత్రంలో చూపింది. పూర్వమైతే వారం పట్టేది. మామ్మగారు ఆ యాభైలో పసుపూ ఎరుపూ తీసేయించి, మినప్పిండి రంగు ఉంచారు.

అక్షరాల పేచీ వేరు. బొమ్మ యంత్రం అక్షరాన్ని రాయదు, అక్షరం లాంటి ఆకారాన్ని గీస్తుంది. మీరు కంప్యూటర్‌లో అప్పడాలు అని కొట్టినప్పుడు, అందులోని ప్ప కోసం లోపల ప, దాని వెంట పొల్లు, మళ్లీ ప అని మూడు సంకేతాలు పడతాయి. వాటిని కలిపి ప కింద ప ఒత్తుగా కూర్చి పెట్టేది ఫాంటు. బొమ్మ యంత్రానికి ఈ లెక్క అక్కర లేదు. అందుకే మా నమూనాలో ప కింద కొక్కెం లాంటిదొకటి వేలాడింది. పోయిన దీపావళికి ఒక మిఠాయి కొట్టుకు చేసిన పెట్టెల మీద ఒడియాలో ఇలాగే ఒక ఒత్తు మాయమైతే, ఫోనులో చిన్న బొమ్మ చూసి బాగుందన్నవాణ్ణి నేనే. మూడు వందల పెట్టెలు మా ఖర్చుతో మళ్లీ వేయించాము. బొమ్మ ఎవరు వేసినా, అక్షరాలు ఫాంటుతోనే పెట్టి, కాగితం మీద అచ్చు తీసి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదవాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాము.

అంకెలైతే మరీ ప్రమాదం. ఆహార పదార్థాల ప్యాకెట్టు మీద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. యంత్రం ఇచ్చిన నమూనాలో ఆ పద్నాలుగూ ముత్యాల్లా ఉన్నాయి, కాని అవి ఎవరివీ కావు. ఆ చోట అంకెలు ఉంటాయని తెలుసు కనుక తోచినవి వేసింది. శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చదరంలో ఉండవలసిన చుక్క చదరం బయట పడింది. బరువు, ధర, తయారైన నెల అన్నీ మామ్మగారి కాగితాలు చూసి అమ్మాయి చేత్తో ఎక్కించింది. తప్పు పడితే సంజాయిషీ అడిగేది ఆవిడనే గాని కంప్యూటర్‌ను కాదు.

పేరు సంగతి ఒకటి మిగిలింది. నలభైలో నాకు నచ్చినది బరంపురంతో మొదలయ్యే పేరు. మీ అత్త ఒప్పుకోలేదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం ఊరి పేరు, సరుకు పేరు, మంచిది, స్వచ్ఛమైనది వంటి మాటలతో మాత్రమే కట్టిన పేరును ఒక్కరి సొంతంగా నమోదు చేయడం కష్టం, ఎందుకంటే అవి అందరూ వాడుకోవలసిన మాటలు. చివరికి, వాళ్ల వీధి పిల్లలు మామ్మగారిని పిలిచే ముద్దు పేరే పెట్టాము. నమోదైతే పదేళ్లు ఆవిడది, తరువాత మళ్లీ పొడిగించుకోవచ్చు. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రలో ఉంటే దరఖాస్తు చెన్నై కార్యాలయానికి వెళ్లేది, మనం ఇటు ఉన్నాము కనుక కోల్‌కతాకు వెళ్లింది. అది తేలేదాకా ఆ పేరు మీకు కూడా రాయను.

ఈ ఉత్తరంతో ఒక అప్పడాల ప్యాకెట్టు పంపుతున్నాను, పేరున్న చోట కాగితం అంటించాను, పీకకండి. గుర్తులో ఎడమవైపు నొక్కు మీద బొటనవేలు పెట్టి చూడండి. పెద్దవాడి వేలు సరిపోతుందనుకుంటాను. అమ్మను నూనె బాగా కాగాకనే వేయమని చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య