రెండో రోజే 'పాలు పడలేదు' అంటే ఎలా? బాలింతల వార్డు అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో బాలింతల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మా దగ్గరికి చాలా వస్తాయి. నేను తెలుగని తెలియగానే అమ్మమ్మలు, నానమ్మలు చుట్టూ చేరతారు. మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "సిస్టరమ్మా, మా పిల్లకు పాలు పడలేదు, డబ్బా పాలు రాయించండి." కాన్పయి ఎంతసేపైందని అడిగితే "నిన్న సాయంత్రం" అంటారు.

నిన్న సాయంత్రం కాన్పయితే ఇప్పుడు రావాల్సినవి ముర్రుపాలు. పసుపు రంగులో, చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. పుట్టిన రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది ఒక చెంచా, మహా అయితే చెంచాన్నర. ఆ రోజుకు అంతే కావాలి. రొమ్ములు బరువెక్కి తెల్లటి పాలు దిగేది మూడో రోజో నాలుగో రోజో. సిజేరియన్ అయినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఆలస్యం కావచ్చు. దూడకు ముర్రుపాలు పట్టకపోతే దక్కదని తెలిసిన పెద్దవాళ్లే, మనవడి దగ్గరికి వచ్చేసరికి వాటిని పిండి పారబోయమంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అసలు గొడవంతా రెండో రాత్రి. మొదటి రోజు బిడ్డ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. రెండో రాత్రి మాత్రం రొమ్ము వదలదు. పది నిమిషాలు తాగి కునుకు తీస్తుంది, పక్కలో వేయగానే గుక్కపట్టి ఏడుస్తుంది. వార్డులో ఏ మంచం దగ్గర చూసినా ఇదే వరస. పాలు లేక ఏడుస్తోందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. నిజానికి బిడ్డ అలా చప్పరిస్తూ ఉంటేనే పాలు ఊరతాయి, ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రాత్రిళ్లే ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే బిడ్డ తండ్రిని కింద మెడికల్ షాపుకు తరుముతారు. డబ్బా పాలు తాగి బిడ్డ మూడు నాలుగు గంటలు కదలకుండా పడుకుంటుంది. "చూశావా, పాపం ఎంత ఆకలేసిందో!" అంటుంది నానమ్మ. ఆ మూడు నాలుగు గంటలూ రొమ్ము పట్టలేదు కాబట్టి ఊరాల్సిన పాలు ఊరవు. మర్నాడు మరో సీసా. రెండు వారాలు తిరిగేసరికి నిజంగానే పాలు చాలవు. నానమ్మ మాట నిజమైనట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత ఖర్చు. నెల బిడ్డకు 400 గ్రాముల డబ్బా వారం కూడా రాదు. నెలకు ఎన్ని డబ్బాలో లెక్కేసుకోండి. చేతిలో డబ్బు లేనప్పుడు ఒక స్కూప్‌కు పోయాల్సిన నీళ్లకు రెట్టింపు పోసి పట్టేవాళ్లున్నారు. అలాంటి బిడ్డలు బరువు పెరగక, సీసా శుభ్రంగా లేక విరేచనాలతో తిరిగొస్తారు. పాలడబ్బాల ప్రకటనల్ని, ఉచిత శాంపిళ్లని మన దేశంలో 1992లోనే చట్టం చేసి నిషేధించారు. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది, కొనే హడావుడిలో ఎవరు చదువుతారు?

మొన్నామధ్య హిందూపురం అమ్మాయి, తొలి కాన్పు, సిజేరియన్. మూడో రోజు ఉదయం నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. మంచం కింద సంచిలో, తువ్వాలు చాటున పాలడబ్బా. అత్తగారు ఒకటే నస: "మా కాలంలో ఇలా ఉండేదా?" బిడ్డ పుట్టినప్పుడు 3 కిలోల 100 గ్రాములు, ఆ రోజు 2 కిలోల 920. బరువు తగ్గాడని అందరికీ టెన్షన్. మొదటి రోజుల్లో పిల్లలు అంతో ఇంతో తగ్గుతారు, పదో వంతు దాటితేనే మాకు గాభరా. డైపర్లు అడిగాను. ముందురోజు నుంచి మూడుసార్లు మూత్రం పోశాడు, నల్లటి విరేచనం ఆకుపచ్చకు తిరిగింది. అంటే పాలు సరిపోతున్నట్టే కదా! బొటనవేలు, చూపుడువేలు నల్లటి భాగం అంచున పెట్టి, ముందు ఛాతీవైపు నొక్కి ఆ తర్వాత దగ్గరికి నొక్కమని ఆ అమ్మాయికి చూపించాను. కాసేపటికి స్టీలు చెంచాలో పసుపుపచ్చగా పాలు చేరాయి. అత్తగారు చెంచా పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి పాలేనా?" అన్నారు. కుట్ల మీద భారం పడకుండా పక్కకు పడుకోబెట్టి, బిడ్డ నోట్లోకి చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వెళ్లేలా పట్టించాం. పాలడబ్బా ఏమైందో నేనడగలేదు.

అయితే డబ్బా పాలు అసలే వద్దని నేననను. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, మరీ తక్కువ బరువున్నవాళ్లకు, తల్లికి షుగర్ ఉంటే ఆ బిడ్డలకు రక్తంలో చక్కెర పడిపోవచ్చు. డాక్టరు చూసి పైపాలు రాస్తే పట్టాల్సిందే. బెంగళూరులోని వాణి విలాస్ ఆసుపత్రి లాంటి చోట్ల తల్లిపాల బ్యాంకులు ఉన్నది ఇలాంటి పిల్లల కోసమే. బాగా రక్తం పోయినవాళ్లకు, థైరాయిడ్ అదుపులో లేనివాళ్లకు పాలు తక్కువ పడటం కూడా నిజమే. ఎవరికివారు రాత్రికి రాత్రి తీర్మానించేయకండి, అంతే. ఇప్పటికే డబ్బా పాలు పట్టి, తప్పు చేశానేమోనని కుమిలిపోతున్న అమ్మాయిలూ, ఏడవకండి. చాలామంది మళ్లీ తల్లిపాలు పెంచుకోవచ్చు, వచ్చి అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తేనె నాకించడం: ఏడాది లోపు పిల్లలకు వద్దే వద్దు, బొటులిజం అనే ప్రాణాంతకమైన విషజబ్బు వచ్చే ప్రమాదం. బాలింత నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందట! చేయదు. దాహమేసినంత తాగనివ్వండి, లేకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట. కుంకుమపువ్వు తింటే రంగు రాదు, జేబు మాత్రం తేలికవుతుంది. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏదీ వద్దు, పొడిగా వదిలేయండి. కళ్లకు కాటుక వద్దు, దిష్టిచుక్క అరికాలికి పెట్టుకోండి. పసిబిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండకండి, తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు, దానంతటదే తగ్గుతుంది. బాలింత చెవుల్లో దూది పెడతామంటారా, పెట్టుకోండి, దానితో నాకు పేచీ లేదు.

పచ్చకామెర్లకు 'ఎండలో పెడితే పోతుందిలే' అని ఇంట్లో కూర్చోవద్దు. ఆసుపత్రిలో నీలి లైటు కింద పెట్టే వైద్యం వేరు, కిటికీలోంచి వచ్చే ఎండ వేరు. మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా అదే రోజు చూపించాలి. ఐదారు రోజులు దాటాక రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ మూత్రం పోసినా, లేపినా పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, ఒళ్లు జ్వరంతో కాలిపోతున్నా లేదా చల్లబడినా, ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నా వాట్సాప్‌లో ఫొటో పంపి అడగడం కాదు, బిడ్డను తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి. రాత్రి రెండయినా సరే.