ఒక్క అక్షరం చెడితే తోరా చుట్టను పక్కన పెడతారెందుకు?

శనివారం పొద్దున యూదుల ప్రార్థనాలయమైన సినగాగులో తోరాను, అంటే తోలు చుట్ట మీద హీబ్రూలో చేతితో రాసిన మోషే ఐదు కాండాలను, చదువుతుండగా ఒక అక్షరం రాలిపోయి మాటే మారిపోయిందని తేలితే చదువు ఆగుతుంది. ఆ చుట్ట మూసేసి, ఇంకోటి తెచ్చి, ఆగిన చోటి నుంచి అందుకుంటారు. చెడిన చుట్టను పొరపాటున మళ్లీ తీయకుండా, లోపల ఉండాల్సిన నడికట్టును తొడుగు మీద కడతారు. అది ఏ అక్షరమన్న అనుమానం వస్తే తీర్పు పిల్లవాడిది. వాడికి అక్షరాలు వచ్చి ఉండాలి, కానీ మరీ చురుకైనవాడు కాకూడదు, మందుడూ కాకూడదు. పెద్దవాళ్లయితే అర్థాన్ని బట్టి ఊహించి చదివేస్తారు మరి!

చుట్టలో 3,04,805 అక్షరాలుంటాయి. ఎక్కువగా కనిపించే కొలత నిలువు పుటకు 42 పంక్తులు, మొత్తం 245 పుటలు. లేఖకుడు (సోఫేర్) ఎంత కంఠస్థమున్నా చూడకుండా రాయకూడదు. తోలు మీద సిరా లేకుండా గీతలు గీసుకుని, ప్రతి మాటా పైకి పలికి, ఈక కలంతో రాస్తాడు. సిరా మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసింది. చుట్టడం, విప్పడం, చెమ్మ వల్ల ఏళ్లు గడిచేకొద్దీ అది పగిలి పెచ్చులూడుతుంది.

తప్పు ఎంత చిన్నదో చూడాలంటే ద్వితీయోపదేశకాండం 6:4 చాలు. ‘ఎఖాద్’ అంటే ఒక్కడు. చివరనున్న దాలెత్ (‘ద’) అక్షరం మూల గుండ్రమైతే రేష్ (‘ర’) అవుతుంది, మాట ‘అఖేర్’, అంటే వేరొకడు అయి కూర్చుంటుంది. అందుకే అక్కడ దాలెత్‌ను పెద్దగా రాస్తారు. రేష్ ఉండాల్సిన చోట దాలెత్ పడితే మూల గీకేసి సరిపెట్టకూడదు: అక్షరాన్ని రాయాలి తప్ప చెక్కి తయారు చేయకూడదని నియమం. దాన్ని చెరిపి కొత్తగా రాయాల్సిందే. దేవుని నామాన్నయితే చెరపనే కూడదు. అందులోనే తప్పు దొర్లితే, మామూలుగా ఆ తోలు రేకును తీసి దాచి, కొత్త రేకు రాసి కుడతారు.

ఇంత పట్టుదల ఉన్నా, అసలు ఏ వర్ణక్రమం సరైనదన్నది పాత తగువే. రాసినా మానేసినా ఉచ్చారణ మారని అక్షరాల విషయంలో తమకు నైపుణ్యం లేదని తల్మూద్ (యూదుల పాత ధర్మచర్చల సంకలనం) పండితులే ఒప్పుకున్నారు. తర్వాత తిబెరియ పట్టణంలో, అక్షరాల లెక్క తప్పకుండా పాఠాన్ని కాపాడే మసోరా పండితులు దాన్ని స్థిరపరిచారు. సుమారు 930లో తయారై, వాళ్లలో ఒకడైన అహరోన్ బెన్ అషేర్ సరిచూసిన ప్రతిని 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ ప్రమాణంగా తీసుకున్నాడు. ఆ తర్వాత సిరియాలోని అలెప్పో చేరిన ఆ ప్రతికి 1947 అల్లర్లలో నష్టం జరిగింది. ఇప్పుడు మిగిలినది ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం దగ్గర మొదలవుతుంది. అంటే తోరా కోసం ప్రమాణమనుకున్న గ్రంథంలో పోయింది దాదాపు తోరాయే.

నేటికీ యెమెన్ యూదుల చుట్టలకూ మిగతావాటికీ 9 అక్షరాల తేడా ఉంది. ఆదికాండం 9:29లో నోవహు దినాల గురించి చెప్పే క్రియ వాళ్లకు బహువచనం, మిగతావాళ్లకు ఏకవచనం. ఉచ్చారణా అర్థమూ మారని హెచ్చుతగ్గులకు చుట్ట మార్చనక్కర్లేదని 16వ శతాబ్దపు క్రాకోవ్ (పోలండ్) రబ్బీ, అంటే యూదు మతగురువు, మోషే ఇస్సెర్లెస్ తీర్పు. మన చుట్టలు అంత కచ్చితమైనవేమీ కావన్నది ఆయన చెప్పిన కారణం.

ఇప్పుడు స్కాన్ చేసి కంప్యూటర్‌తోనూ సరిచూస్తున్నారు. ఎగిరిపోయిన అక్షరాన్ని, రెండుసార్లు పడిన మాటను అది ఇట్టే పట్టేస్తుంది. వెంట్రుకవాసి గీతతో పక్క అక్షరాన్ని తాకిన వావ్ అనే అక్షరాన్నీ, పగిలిన సిరానూ చూసి తేల్చాల్సింది మాత్రం లేఖకుడి కన్నే. సరిదిద్దని ప్రతిని 30 రోజులకు మించి ఇంట్లో ఉంచుకోకూడదని తల్మూద్ గడువు.