ఫేస్‌లిఫ్ట్‌లో బిగించాల్సింది చర్మాన్ని కాదు

ఫేస్‌లిఫ్ట్ అంటే వదులైన చర్మాన్ని చెవుల వైపు లాగి, మిగిలినదాన్ని కత్తిరించి కుట్టేయడమేనని చాలామంది అనుకుంటారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఐరోపా సర్జన్లు చేసింది నిజంగా అదే. 1901లో బెర్లిన్‌లో యూజెన్ హోలాండర్ ఒక మహిళకు చేసిన చికిత్సను మొదటి ఫేస్‌లిఫ్ట్‌గా చెప్పడం పరిపాటి. చెవుల దగ్గరా జుట్టు అంచునా చిన్న చర్మపు ముక్కలను తీసేసి, అంచులను కలిపి కుట్టడమే అందులోని పని. అలాంటి ఫలితం ఎక్కువ కాలం నిలవదు. ఎడతెగకుండా లాగి ఉంచిన చర్మం మెల్లగా సాగి, ఆ బిగువును తానే వదిలించుకుంటుంది. పైగా, బరువంతా చర్మమే మోయాల్సి వచ్చినప్పుడు కుట్ల మచ్చలు వెడల్పవుతాయి, ముఖం ఎదురుగాలికి నిలబడ్డట్టు పక్కలకు ఈడ్చుకుపోయి కనిపిస్తుంది.

అసలు వయసు ప్రభావం చర్మంతో ఆగదు. యౌవనం దాటాక చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ క్షీణతను ఇంకా తొందరపెడతాయి. చర్మం కిందనున్న కొవ్వు ఒకే పొరగా కాక, విడివిడి అరలుగా అమరి ఉంటుందని 2007లో అమెరికా సర్జన్లు రోరిచ్, పెస్సా మృతదేహాలలోకి రంగుద్రవం ఎక్కించి చూపించారు. ఈ అరలన్నీ ఒకే తీరున మారవు. చెక్కిలి లోతుల్లోని కొవ్వు చిక్కిపోతే పైనున్న భాగం ఆధారం కోల్పోయి, ముక్కు పక్కనుంచి నోటి కొస దాకా మడత లోతుగా కనిపిస్తుంది. ఎముక సైతం స్థిరంగా ఉండదు: కంటి గూడు కొంత విశాలమవుతుంది, పై దవడ ఎముక వెనక్కి తగ్గుతుంది. లోపలి దూది అణిగిపోయిన దిండుకు గలీబును మాత్రమే బిగిస్తే ఏమవుతుందో, చర్మాన్ని మాత్రమే లాగిన ముఖానికీ అదే అవుతుంది.

ఈ రంగం దిశ మారింది 1970లలో. స్వీడన్‌కు చెందిన సర్జన్ టోర్డ్ స్కూగ్ 1974లో, చర్మాన్ని దాని కిందనున్న పొర నుంచి వేరుచేయకుండా రెంటినీ కలిపి ఎత్తే పద్ధతిని ప్రచురించాడు. రెండేళ్లకు ఫ్రాన్స్‌లో మిట్జ్, పెయ్రోనీ ఆ పొరను శరీర నిర్మాణపరంగా వివరించారు. కండరపు పోగులూ సంధాయక కణజాలమూ కలిసిన ఈ పొరను సర్జన్లు స్మాస్ అంటారు. మెడలోని ప్లాటిస్మా కండరం దీనికి కొనసాగింపే. చర్మంతో పోలిస్తే ఇది తక్కువ సాగుతుంది కాబట్టి, దీన్ని ఎత్తి గట్టిగా కుట్టి, చర్మాన్ని మాత్రం పైన ఏ ఒత్తిడీ లేకుండా పరిస్తే సరిపోతుంది. కొందరు సర్జన్లు స్మాస్‌ను మడిచి కుడతారు, కొందరు అందులోంచి ఒక పట్టీని తీసేసి అంచులను దగ్గరకు చేరుస్తారు. 1990లో అమెరికా సర్జన్ శామ్ హామ్రా వివరించిన డీప్ ప్లేన్ పద్ధతిలో స్మాస్ కిందికి వెళ్లి, చెక్కిలిని ఎముకకు కట్టిపడేసే లిగమెంట్లను విడదీస్తారు. అవి విడిపోతే తప్ప చెక్కిలి పైకి స్వేచ్ఛగా కదలదు.

అయితే లోతుకు వెళ్లిన కొద్దీ ముఖ నాడి దగ్గరవుతుంది. నవ్వునూ రెప్పపాటునూ నడిపే ఈ నాడి శాఖలు చెవి ముందున్న లాలాజల గ్రంథి లోపల రక్షణగా ఉండి, దాన్ని దాటాక స్మాస్‌కు సమీపంగా సాగుతాయి. వాటికి శాశ్వత నష్టం అరుదు. ఎక్కువసార్లు దెబ్బతినేది చెవికి స్పర్శనిచ్చే నాడి. రెండు జతల సరూప కవలలకు నలుగురు సర్జన్లు వేర్వేరు పద్ధతుల్లో ఆపరేషన్ చేసి, పదేళ్ల తర్వాతి ఫొటోలను పోల్చినప్పుడు కూడా ఫలానా పద్ధతే మేలని తేలలేదు. ప్రకటనల్లో ఊదరగొట్టే పద్ధతుల పేర్ల కన్నా, ఆ పని చేసే చేతికున్న అనుభవాన్ని ఆరా తీయడం మంచిదని నాకు అనిపిస్తుంది.

నైపుణ్యం తెలిసేది చెవి దగ్గరే. గాటు కణత దగ్గరి జుట్టులో మొదలై, చెవి ముందరి ముడతల వెంట దిగి, తమ్మెను చుట్టి, చెవి వెనక మడతలోకి ఎక్కి, మళ్లీ జుట్టులో కలిసిపోతుంది. తమ్మె దగ్గర చర్మాన్ని కాస్త బిగించి కుట్టినా, కొన్ని నెలల్లో తమ్మె కిందికి సాగి చెంపకు అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. మగవారిలో ఇంకో చిక్కుంది: గడ్డం పెరిగే చర్మాన్ని జాగ్రత్త లేకుండా జరిపితే చెవి ముందరి మెత్తటి భాగం మీద వెంట్రుకలు మొలుస్తాయి.

ఈ ఆపరేషన్ సన్నని గీతలనూ ఎండ మచ్చలనూ తొలగించలేదు. వాటికి లేజర్, చర్మం పైపొరను ఊడదీసే రసాయనిక పీల్ వంటివి వేరే ఉన్నాయి. చిక్కిపోయిన చోట శరీరంలోని మరో భాగం నుంచి తీసిన కొవ్వును నింపుతారు. ఎక్కువగా ఎదురయ్యే సమస్య చర్మం కింద రక్తం చేరడం. ఇది చాలావరకు మొదటి 24 గంటల్లోనే, మగవారిలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి రక్తపోటును అదుపులో ఉంచడం మీద సర్జన్లు అంత పట్టుదలగా ఉంటారు. పొగతాగేవారిలో, కింది నుంచి వేరుచేసి ఎత్తిన చర్మానికి రక్తం సరిగా అందక కొంత మేర చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందునుంచే సిగరెట్ మానమంటారు, మానని వారికి ఆపరేషన్‌ను వాయిదా వేసే సర్జన్లూ ఉన్నారు.