మారియో లెవెళ్ళు ఎవురబ్బ సొత్తు? క్యాసెట్ల కాలం నించి నడుస్తున్న కథ

నెల్లూరు రొట్టెల పండగ స్టాళ్ళలోనో, ఒంగోలులో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడో 400 ఇన్ 1 అని చేతిలో పట్టుకునే గేమ్ డబ్బాలు అమ్ముతుంటారు గదా, పిలకాయలు అది కొనుక్కొచ్చి మారియో పెడితే ఒక దాంట్లో మారియో మారియోలాగే ఉంటాడు, ఇంకోదాంట్లో అవే లెవెళ్ళు కానీ రంగులు వేరు, మరోదాంట్లో మారియో తలకాయ తెచ్చి ఎవుడి ఒంటికో అతికించినట్టుంటది. ఇంకోపక్క ఇంజనీరింగ్ చదివే కుర్రోళ్ళు ల్యాప్‌టాప్‌లో సొంతంగా మారియో లెవెళ్ళు కట్టి వాట్సాప్‌లో పంచుకుంటుంటారు. ఈ రెండిట్నీ ఒకే గాట కట్టి "అంతా పైరసీనే పో" అనేవాళ్ళున్నారు, "ఫ్యాన్సు సరదాకి చేసుకుంటే తప్పేందబ్బా" అనేవాళ్ళూ ఉన్నారు. నా లెక్కలో ఈ రెండూ ఒకటి కాదు, ఎప్పుడూ కాలేదు. అదెట్టాగో తెలియాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాల.

మొదలు మారియో కూడా కాదు, లోడ్ రన్నర్. 1983లో అమెరికాలో బ్రోడర్‌బండ్ కంపెనీ వదిలిన గేమ్, నిచ్చెనలెక్కి బంగారం ఏరుకుంటూ తరిమేవాళ్ళని గుంతల్లో పడేసే ఆట. 150 లెవెళ్ళు ఇచ్చి, దాంతోపాటు లెవెళ్ళు తయారుచేసుకునే ఎడిటర్ కూడా అందులోనే పెట్టేశారు. జనం ఊరుకుంటారా, గీసి గీసి కంపెనీకే పంపారు, మరుసటేడు 1984లో ఆ వచ్చినవాటిలోంచే ఏరి ఛాంపియన్‌షిప్ లోడ్ రన్నర్ అని 50 లెవెళ్ళతో ఇంకో గేమ్ వదిలారు. అంటే ఆడేవాళ్ళు చేసిన లెవెళ్ళని కంపెనీ దొంగతనంగా చూడడం కాదు, తనే తీసుకుని అచ్చేసి అమ్ముకునింది. ఫ్యాన్ లెవెల్ అనేది ఇంటర్నెట్ వచ్చినాక పుట్టిన అల్లరి అనుకునేవాళ్ళకి ఇది చెప్పాల.

మారియోని చేసిన జపాన్ కంపెనీ నింటెండో కూడా తక్కువేం తినలేదు. సూపర్ మారియో బ్రదర్స్ జపాన్‌లో 1985 సెప్టెంబర్ 13న వచ్చింది, దానికి మూణ్ణెల్ల ముందే జూన్‌లో రెకింగ్ క్రూ అని మారియో సుత్తి పట్టుకుని గోడలు కూల్చే గేమ్ వదిలారు, అందులో సొంత లెవెళ్ళు చేసుకునే డిజైన్ మోడ్ ఉంది. కాకపోతే చేసింది సేవ్ చేసుకోవాలంటే టేప్ రికార్డర్ లాంటి ఒక మెషిన్ తగిలించాల, అది జపాన్‌లో తప్ప యాడా అమ్మలేదు. మిగతా దేశాలోళ్ళు లెవెల్ కట్టుకుని ఆడుకుని స్విచ్ ఆపితే అంతే సంగతి, మళ్ళీ మొదట్నించి కట్టుకోవాల.

ఇంక అసలు మారియో. మొత్తం గేమ్ సైజు 40 కేబీ, ఈరోజు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ దీనికంటే పెద్దది. 32 కేబీ ప్రోగ్రాము, 8 కేబీ బొమ్మలు, అంతే. అందులో 8 వరల్డులు, 32 లెవెళ్ళు. ఇంత చిన్న చోట ఎట్టా ఇరికించారంటే మబ్బూ పొదా రెండూ ఒకటే బొమ్మ, రంగు మార్చారు. లెవెళ్ళని కూడా బొమ్మలాగా దాచలేదు, ఫలానా చోట పైపు, ఫలానా చోట ఇటికల వరస అని ఒక్కో వస్తువుకి 2 బైట్లు చొప్పున పట్టీ రాసుకున్నారు. ఇంకా చూస్తే 5-3 (ఐదో వరల్డులో మూడో లెవెల్) అనేది 1-3నే కొంచెం కష్టంగా మార్చింది, 6-4 అనేది 1-4, 7-2 అనేది 2-2. చిన్నప్పుడు "ఇది ఇందాక ఆడినట్టుందే" అని డౌటొచ్చినోళ్ళకి వచ్చింది కరెక్టు డౌటే. అంటే పాత లెవెల్‌ని కాస్త మార్చి కొత్తదిగా వాడుకోవడం అనే పని కంపెనీ వాళ్ళే మొదటి గేమ్‌లో చేశారు. 1986లో జపాన్‌లో వదిలిన రెండో భాగం కూడా చానావరకు అదే ఇంజన్ మీద కట్టిన కష్టమైన లెవెళ్ళ పొట్లమే, తింటే చచ్చిపోయే పుట్టగొడుగు, మనిషిని ఎగరగొట్టే గాలి, ముందు వరల్డుకి కాకుండా వెనక్కి తీసుకుపోయే వార్ప్ అనే అడ్డదారి, అన్నీ ఆడేవాణ్ణి ఏడిపించడానికి పెట్టినవి. అమెరికా వాళ్ళకి అది 1993 దాకా ఇయ్యలేదు. అదే 1986లో జపాన్ రేడియో ప్రోగ్రాం ఒకదాని కోసం శత్రువుల మొహాలు తీసేసి రేడియో వాళ్ళ మొహాలు పెట్టిన మారియో కూడా కంపెనీ పర్మిషన్‌తోనే వచ్చింది.

మన దగ్గరికి ఇదంతా సక్రమంగా రాలేదు. సమురాయ్ అనే పేరుతో అసలు నింటెండో మెషిన్ ఇండియాలో అమ్మారు గానీ నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు దాన్ని చూసినోళ్ళు చానా తక్కువ. మనకి తెలిసింది లిటిల్ మాస్టర్, మీడియా, ఇంకా పేరూ ఊరూ లేని తైవాన్, చైనా కాపీ మెషిన్లు. మద్రాసు బర్మా బజార్, రిచీ స్ట్రీట్ నించి తెచ్చి ఇక్కడ షాపుల్లో పెట్టేవాళ్ళు, నెల్లూరు నించి మద్రాసు మూడు గంటల దారేగదా, గల్ఫ్ నించి వచ్చేవాళ్ళు తెస్తే అదొక లెవెల్ గొప్ప. షాపుల్లో గంటకింత అని ఆడనిచ్చేవాళ్ళు, ఎండాకాలం సెలవుల్లో క్యాసెట్లు అద్దెకి కూడా ఇచ్చేవాళ్ళు. క్యాసెట్ అనే అంటాం, కార్ట్రిడ్జ్ అన్న మాట ఎవురికీ తెలీదు. పని చెయ్యకపోతే నోటితో ఊదడం, మళ్ళీ గుచ్చడం, టీవీ ట్యూన్ చెయ్యడం.

ఆ క్యాసెట్ల మీద 64 ఇన్ 1 అనో 9999999 ఇన్ 1 అనో రాసుండేది. పెట్టి చూస్తే నిజంగా ఉండే గేములు ఓ ఐదారు, మిగతా లిస్టంతా అవే గేములు వేరే పేర్లతో, ఒకటేమో మూడో లెవెల్ నించి మొదలవుద్ది, ఇంకోటి లైఫులు ఎక్కువ ఇస్తది, ఇంకోటి రంగులు మారుస్తది. పిలకాయలుగా మనం మోసపోయాం అనుకున్నాం గానీ టెక్నికల్‌గా చూస్తే మన జిల్లా జనం చేతికొచ్చిన మొదటి మారియో మార్పులు ఇవే, ఫలానా అడ్రస్‌లో ఫలానా బైటు మార్చితే మూడో లెవెల్ నించి మొదలవుద్ది అని కనుక్కున్నవాడెవుడో గేమ్‌ని లోపల విప్పి చూసినవాడే. అయితే వాడు ఫ్యాన్ కాదు, వ్యాపారి, పెట్టె మీద నంబర్ పెరగాల, అదే వాడి కళ. ఇదే బాపతులో ఫ్లింట్‌స్టోన్స్ గేమ్ తీసుకుని హీరోకి మారియో తల పెట్టి, టైటిల్ మీద 7 అనీ గ్రాండ్ డాడ్ అనీ రాసేసిన ఘనులు కూడా ఉన్నారు. ఆ ఏడు ఎందుకో, తాత ఎవురో గేమ్‌లో యాడా తెలీదు.

ఫ్యాన్సు చేతికి పని ముట్టు దొరికింది 1997 తర్వాత. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో నెస్టికిల్ అని పాత కంప్యూటర్ల డాస్‌లో నడిచే ఎమ్యులేటర్ వచ్చింది, అంటే కంప్యూటర్‌ని పాత వీడియో గేమ్ మెషిన్‌లాగా నటింపజేసే ప్రోగ్రాము. అందులో గేమ్ ఆడుతూ ఆడుతూనే బొమ్మల చుక్కలు మార్చుకునే ఎడిటర్ ఉండేది. మొదట్లో వచ్చినవన్నీ మీసం రంగు మార్చినవి, బూతు బొమ్మలు పెట్టినవి, అట్టాంటి చెత్తే ఎక్కువ, నిజం చెప్పాలిగదా. సంగతి మారింది 2000లో. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌కి లూనార్ మ్యాజిక్ అనే లెవెల్ ఎడిటర్ వచ్చింది, మౌసుతో లాగి పెట్టుకోవడమే. దాని మీద ఈ రోజుకీ కొత్త లెవెళ్ళు, కొత్త శత్రువులు, కొత్త పాటలు పడుతూనే ఉన్నాయి. 2007 ప్రాంతంలో జపాన్‌లో ఒకాయన తన ఫ్రెండు ఆడుతుంటే పక్కన కూర్చుని నవ్వుకోడానికి చేసిన కైజో మారియో దీంట్లోంచి వచ్చిందే, దూకినచోటల్లా కనపడని బ్లాకు తలకి తగిలి గుంతలో పడతావు, లెవెల్ చివర గేటు దాటినాక కూడా చస్తావు. ఆ వీడియోలు చూసి నేర్చుకుని ఇంకా ఘోరమైనవి చేసినవాళ్ళు ప్రపంచమంతా తయారయ్యారు. నాకైతే కైజో ఆడటం కంటే చూట్టం బో ఇష్టం.

ఇక్కడే ఫ్యాన్సుకీ క్యాసెట్ల వ్యాపారికీ తేడా వస్తది. ఫ్యాన్సు గేమ్‌ని పంచరు, ప్యాచ్ పంచుతారు. రెడీమేడ్ చొక్కా ఇయ్యకుండా, నీ చొక్కాకి యాడ కుట్టు విప్పి యాడ వెయ్యాలో చీటీ రాసిచ్చినట్టు. ఐపీఎస్ అనే పాత ప్యాచ్ ఫార్మాట్ చూస్తే ఫైలు మొదట్లో ప్యాచ్ అనే మాట ఇంగ్లీషులో 5 అక్షరాలు, తర్వాత ఏ చోట, ఎన్ని బైట్లు, ఏం పెట్టాల అని వరసగా, అంతే. కొన్ని కేబీలు. నింటెండో రాసిన కోడు అందులో దాదాపు ఉండదు. అసలు గేమ్ నీ దగ్గరుంటేనే అది పనికొస్తది. ఇది పూర్తిగా చట్టం కోసమే పెట్టుకున్న పద్ధతి అని కూడా అనలేం, డయలప్ రోజుల్లో చిన్న ఫైలు అనేదే పెద్ద వరం, కానీ అలవాటు మటుకు మంచిది పడింది.

కోర్టుల సంగతి చూస్తే అమెరికాలో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చదవాల. గేమ్ జీనీ అని క్యాసెట్‌కీ మెషిన్‌కీ మధ్య గుచ్చే ఒక ముక్క ఉండేది, కోడ్ కొడితే లైఫులు తగ్గవు, ఎత్తుగా ఎగరొచ్చు. నింటెండో కేసేసింది, 1992లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది, గేమ్ జీనీ పర్మనెంటుగా ఏదీ మార్చి కొత్త గేమ్ తయారుచెయ్యడంలేదు, ఇంట్లో ఆడుకునేవాడు తన గేమ్ తన ఇష్టమొచ్చినట్టు ఆడుకుంటాడు అన్నారు. నింటెండో 1.5 కోట్ల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది. రెండోది 1998లో డ్యూక్ న్యూకెమ్ 3డీ అనే తుపాకుల గేమ్ కేసు. దానికి లెవెల్ ఎడిటర్ కంపెనీనే ఇచ్చింది, ఉచితంగా పంచుకోండి అంది, ఇంకో కంపెనీ వచ్చి జనం చేసిన 300 లెవెళ్ళు పోగేసి సీడీ చేసి అమ్మింది. కోర్టు ఏమందంటే ఆ లెవెల్ ఫైళ్ళలో అసలు బొమ్మలు లేకపోయినా సరే, అవి డ్యూక్ కథకి పర్మిషన్ లేకుండా రాసిన సీక్వెళ్ళే అంది. అంటే ప్యాచ్‌లో నింటెండో కోడు లేదుగదా అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోడానికి లేదు. నాకు ఈ రెండో తీర్పు వాదన పూర్తిగా నచ్చదు గానీ అక్కడ అమ్మకం జరిగింది అన్నది మర్చిపోకూడదు.

ఆ తర్వాత గొడవలన్నీ కోర్టు దాకా పోకుండా నోటీసులతోనే అయిపోతున్నాయి. 2013లో బ్రౌజర్‌లో నడిచే ఫుల్ స్క్రీన్ మారియో అని ఒక స్టూడెంట్ చేశాడు, లెవెల్ ఎడిటర్‌తో సహా, నింటెండో తీయించేసింది. 2016లో నింటెండోదే ఇంకో గేమ్ మెట్రాయిడ్ రెండో భాగాన్ని ఏళ్ళ తరబడి కూర్చుని మళ్ళీ చేసిన ఫ్యాన్ గేమ్ వదిలిన కొన్నాళ్ళకే పోయింది. గమనిస్తే ఈ రెండూ ప్యాచ్‌లు కావు, గేమ్ మొత్తంగా దొరికేవి. ఇంకోపక్క సెగా కంపెనీ సోనిక్ ఫ్యాన్ గేములు చేసేవాళ్ళనే పిలిచి 2017లో సోనిక్ మేనియా చేయించుకుని, అది హిట్టయింది. లోడ్ రన్నర్ వాళ్ళ బుద్ధి అన్నమాట.

నింటెండో ఇంకో దారి పట్టింది, మీకు లెవెళ్ళు కట్టుకోవాలని ఉందిగా, మా అరుగు మీద కట్టుకోండి అని 2015లో తన వీ యూ గేమ్ మెషిన్‌కి సూపర్ మారియో మేకర్, 2019 జూన్‌లో స్విచ్ అనే తర్వాతి మెషిన్‌కి రెండోది వదిలింది. నీ లెవెల్ నువ్వు ఒకసారి పూర్తి చేస్తేగానీ అప్‌లోడ్ కాదు, ఈ రూల్ మటుకు చానా తెలివైనది. ఇబ్బంది యాడొచ్చిందంటే లెవెళ్ళన్నీ వాళ్ళ సర్వర్లో. మొదటిదానికి కొత్త అప్‌లోడ్లు 2021 మార్చి 31తో ఆపేశారు, 2024 ఏప్రిల్ 8న సర్వరే మూసేశారు. మూసేలోపు ఎవురూ దాటని లెవెళ్ళన్నీ దాటాలని ఆటగాళ్ళు కూడి ఏళ్ళ తరబడి కష్టపడ్డారు, చివరికి మిగిలిన ఒక లెవెల్‌ని చేసినవాడు తనే మనిషిలాగా ఆడకుండా ప్రోగ్రాంతో దాటించి అప్‌లోడ్ చేశానని ఒప్పుకున్నాడు, అయినా గడువుకి మూడు రోజుల ముందు ఒక ఆటగాడు దాన్ని చేత్తోనే దాటేశాడు! 2000లో చేసిన ప్యాచ్ మటుకు ఇప్పుడు పెట్టినా నడుస్తది.

మన చట్టానికొస్తే 1957 కాపీరైట్ చట్టంలో 52(1) కింద కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి మినహాయింపులున్నాయి, సొంతంగా చట్టబద్ధంగా తెచ్చుకున్న కాపీ నించి, వ్యాపారం కాకుండా, సొంత వాడకానికి కాపీగానీ మార్పుగానీ చేసుకోవచ్చు అని ఉంది. మూడు మాటలూ గట్టిగా పట్టుకోవాల. సొంతంగా కొన్న గేమ్‌కి ఇంట్లో లెవెల్ కట్టుకునేవాడికి ఇది ఆసరా. పంచడం దీంట్లో రాదు. అమ్మడం అసలే రాదు, తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నించి మూడేళ్ళ జైలు, 50 వేల నించి 2 లక్షల దాకా జరిమానా. స్టాల్లో 400 ఇన్ 1 డబ్బా అమ్మేవాడిదీ, ల్యాప్‌టాప్‌లో కూర్చుని ప్యాచ్ చేసుకునే కుర్రోడిదీ ఒకే కేసు కాదన్నది ఇందుకే. ఇంకో చిక్కుంది, ఆ కుర్రోడికి అసలు గేమ్ సక్రమంగా కొనే దారి మన ఊళ్ళలో ఎప్పుడుంది? స్విచ్ కూడా ఎక్కువగా ఇంపోర్ట్ సరుకే. మినహాయింపేమో కొన్నవాడికే.

ఈ పీకులాట వద్దనుకునేవాళ్ళకి సూపర్‌టక్స్ ఉంది, పెంగ్విన్ హీరోగా మారియో బాణీలో చేసిన ఓపెన్ సోర్స్ గేమ్, అంటే దాని కోడు ఎవురైనా చూసి మార్చుకోవచ్చు, విండోస్‌లో నడుస్తది, లైనక్స్‌లో నడుస్తది, ఉచితం. 2016లో వచ్చిన 0.5 వెర్షన్ నించి ఎడిటర్ గేమ్ లోపలే ఉంది, మెనూలో యాడ్-ఆన్లు అని నొక్కితే వేరేవాళ్ళు చేసిన వరల్డులు దిగుతాయి. మారియో అంత నున్నగా ఉండదు, ఎగిరినప్పుడు కాస్త జారుడుగా ఉంటది, పిలకాయలు మొదట్లో మొహం చిట్లిస్తారు. దాని లెవెల్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు, యాడ ఏ బ్లాకు ఉందో కనపడుద్ది, మార్చి ఫ్రెండుకి పంపినా నోటీసులు పంపేవాడు ఉండడు.