పావు జరిపే చెయ్యి

చిరంజీవులకు,

"రెండు కంప్యూటర్లు చెస్ ఆడుకుంటుంటే బల్లకు అటొకరు ఇటొకరు మనుషులెందుకు తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. అప్పుడు హడావిడిలో ఏదో చెప్పి పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

కంప్యూటర్‌కు చేతులు లేవు కదా. 1974లో స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీ జరిగింది. గెలిచింది కైస్సా అనే సోవియట్ ప్రోగ్రామ్. దాన్ని నడిపిన యంత్రం మాత్రం మాస్కోలో ఉంది! ఎత్తులన్నీ ఫోన్‌లోనే చేరాయి. తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చి యంత్రం బల్ల మీదికే చేరినా, పక్కన మనిషి అలాగే ఉండిపోయాడు. ఆయన్నే ఆపరేటర్ అంటారు.

ఎదుటివాళ్ల ఎత్తు చూసి తన కంప్యూటర్‌లో కొట్టాలి. తెర మీద జవాబు రాగానే ఆ పావును బోర్డు మీద జరిపి, గడియారం నొక్కాలి. ఇంతేనా అనిపిస్తుంది. బ్లిట్జ్ అనే మెరుపు వేగం ఆటలో కూర్చుంటే తెలుస్తుంది ఆ టెన్షన్. ఆటంతటికీ ఒక్కొక్కరికి 5 నిమిషాలే అనుకోండి. ఎత్తుకు 3 సెకన్లు చేతిపనికే పోతే 60 ఎత్తులకు 3 నిమిషాలు ఖర్చు! యంత్రం ఆలోచించడానికి మిగిలేది 2 నిమిషాలే. పైగా యంత్రం లోపలి లెక్క ఒకటి, బల్ల మీది గడియారం ఇంకొకటి. రెండూ తేడా పడితే ఇంకా టైం ఉందనుకుని యంత్రం తాపీగా ఆలోచిస్తుంది, ఇక్కడ టైం అయిపోతుంది. మౌస్ ఒక్క గడి పక్కకు జారినా బోర్డు మీద ఒక ఆట, తెర మీద మరో ఆట.

కానీ నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది వేరే. ఆపరేటర్ సొంత బుర్ర వాడకూడదు. చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషే అక్కడ కూర్చుంటాడు. ఏళ్ల తరబడి పెంచుకున్నది కళ్ల ముందే మంత్రిని పోగొట్టుకుంటున్నా, అది చెప్పిన ఎత్తే వెయ్యాలి.

2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జరిగింది చెబుతాను. అది బ్లిట్జ్ కాదు, ప్రపంచ పోటీలో ఎక్కువ టైం ఉండే ఆట. ష్రెడర్ అనే గట్టి ప్రోగ్రామ్ మీద జానీ అనే చిన్న ప్రోగ్రామ్ ఆడుతోంది. ఓడిపోయే స్థితిలో ఉన్న జానీ తెర మీద, ఒకే స్థితి మూడోసారి వచ్చిందని కనిపించింది. అంటే డ్రా అడగొచ్చు. జానీని రాసిన ఆయనే ఆపరేటర్. ష్రెడర్‌లో ఏదో లోపం వల్ల ఇలా జరిగిందని, దాన్ని అడ్డం పెట్టుకుని డ్రా తీసుకోవడం బాగోదని ఆయనకు అనిపించింది. అడగకుండా ఆట సాగించాడు. జానీ ఓడింది.

ఆ గెలుపుతో ష్రెడర్ చివరికి ఫ్రిట్జ్ అనే మరో ప్రోగ్రామ్‌తో సమానంగా నిలిచి, విజేతను తేల్చే ప్లేఆఫ్ గెలిచి ఛాంపియన్ అయింది. అక్కడ డ్రా అయ్యుంటే కిరీటం ఫ్రిట్జ్‌దే. నిర్వాహకులు ఫలితం మార్చలేదు, గొడవ మాత్రం పెద్దదే అయింది.

ఆయన స్వార్థంతో చెయ్యలేదు పిల్లలూ, తనకు రావలసిన అర పాయింట్ వదులుకున్నాడు. అయినా నా లెక్కలో అది తప్పే. పెద్దమనసు చూపించే హక్కు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లేదు. నష్టపోయింది ఆ బల్ల దగ్గరే లేని ఫ్రిట్జ్ వాళ్లు.

అదే పని ఎంత నిబ్బరంగా చెయ్యొచ్చో చూడాలంటే 2016 మార్చిలో సియోల్‌లో జరిగిన గో (గళ్ల బోర్డు మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడేది) ఆట వీడియోలు చూడండి. కొరియా గో ఛాంపియన్ లీ సెడోల్‌కు ఎదురుగా ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ తరఫున రాళ్లు పెట్టింది అజా హువాంగ్. ఆ ప్రోగ్రామ్‌ను తయారుచేసిన వాళ్లలో ఒకడు, తనూ మంచి ఆటగాడే. రెండో ఆటలో ఆల్ఫాగో వేసిన 37వ ఎత్తు చూసి వ్యాఖ్యాతలే పొరపాటేమో అనుకున్నారు. దాన్ని బోర్డు మీద పెట్టింది ఆయన చెయ్యే. ఆ క్షణంలో ఆయన ముఖం చూడండి. సెలవులకు వచ్చినప్పుడు ఏం కనిపించిందో నాకు చెప్పాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య