గేరు సైకిల్‌ను ఇంట్లోనే సరిచేసుకోవడం: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో చాలా ఏళ్ళుగా సైకిళ్ళ మరమ్మతు చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే గేరు సైకిళ్ళలో ఎక్కువ భాగం ముందు మూడు, వెనుక ఏడు పళ్ళ చక్రాలతో, షిమానో కంపెనీ టూర్నీ డీరైలర్‌తో (చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుండి మరోదానికి జరిపే పరికరం) నడిచే 21 గేర్ల బండ్లే. వీటిని సరిచేయడం ఇంట్లో చేతనయ్యే పనే. అలెన్ కీల సెట్టు, గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్, వైరు కత్తిరించే పదునైన కట్టర్ ఉంటే చాలు. కానీ ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు హ్యాంగర్ (వెనుక డీరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్క) చూడాలి, తర్వాత హద్దు స్క్రూలు, ఆ తర్వాత షిఫ్టరు (హ్యాండిల్ మీది గేరు మీట) నుండి డీరైలర్‌కు వచ్చే వైరు, అన్నింటికన్నా చివర వైరు బిగువు. ఈ వరుస తప్పడానికి కారణమవుతున్న కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గేర్లు సరిగ్గా పడకపోతే డీరైలర్ మీదున్న రెండు చిన్న స్క్రూలను తిప్పాలి.

ఇంట్లో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్లే జరుగుతోంది. ఆ రెండు స్క్రూలు గేర్లను అమర్చేవి కావు. డీరైలర్ ఎంత దూరం కదలవచ్చో చెప్పే గట్లు మాత్రమే. హెచ్ అనే గుర్తు ఉన్నది చైన్ అన్నింటికన్నా చిన్న పళ్ళ చక్రం దాటి ఫ్రేమ్ వైపు పడిపోకుండా ఆపుతుంది. ఎల్ అనే గుర్తు ఉన్నది పెద్ద చక్రం దాటి స్పోకుల్లోకి వెళ్ళకుండా ఆపుతుంది. మధ్యలో ఉన్న అయిదు గేర్లతో వీటికి ఏ సంబంధమూ లేదు. నాలుగో గేరు తప్పుతోందని ఎల్ స్క్రూను వదులు చేసిన ఒక కుర్రవాడి సైకిల్ మొన్న నా దగ్గరకు వచ్చింది. ఎక్కుడులో పెద్ద చక్రం మీదికి గేరు వేయగానే చైన్ దాన్ని దాటి లోపలికి దిగింది, డీరైలర్ స్పోకుల్లో చిక్కుకుంది, హ్యాంగర్ విరిగింది, మూడు స్పోకులు తెగాయి. నాలుగో గేరుకు కావలసింది బ్యారెల్ అడ్జస్టర్‌ను (వైరు బిగువును సర్దే చిన్న మర) అర చుట్టు తిప్పడం మాత్రమే.

హద్దులు సరిచూసేటప్పుడు వైరును డీరైలర్ నుండి పూర్తిగా విప్పేయాలి. అప్పుడు స్ప్రింగు దాన్ని చిన్న చక్రం వైపుకు లాగేస్తుంది. సైకిల్ వెనుక కూర్చుని చూస్తే పై పుల్లీ (డీరైలర్‌లో చైన్ నడిచే రెండు చిన్న చక్రాల్లో పైది), చిన్న చక్రపు బయటి అంచుకు సరిగ్గా కింద కనిపించాలి. అలా లేకపోతే హెచ్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పాలి. తర్వాత పెడల్ తిప్పుతూ డీరైలర్‌ను చేత్తోనే లోపలికి నెట్టి చైన్‌ను పెద్ద చక్రం మీదికి తేవాలి. చైన్ తడబడకుండా ఎక్కాలి, ఎంత గట్టిగా నెట్టినా పై పుల్లీ ఆ చక్రపు గీత దాటకూడదు. అక్కడ ఎల్ స్క్రూ సరిపోయినట్టు. గుర్తులు అరిగిపోయి ఏది ఏదో తెలియకపోతే, వైరు విప్పి ఉన్నప్పుడు దేన్ని తిప్పితే పుల్లీ కదులుతుందో అదే హెచ్ స్క్రూ.

అపోహ: సైకిల్ కుడి వైపుకు పడిన తర్వాత గేర్లు చెడితే డీరైలర్ పోయినట్టే.

నిజానికి చాలాసార్లు వంగేది డీరైలర్ కాదు, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్. అల్యూమినియం ఫ్రేముల్లో హ్యాంగర్‌ను విడిగా, మెత్తటి లోహంతో చేసేది కూడా ఇందుకే. దెబ్బ తగిలితే అది వంగి ఫ్రేమ్‌ను కాపాడుతుంది. అపార్టుమెంటు పార్కింగులో పక్క బండి తగిలి ఒరిగినా చాలు, కంటికి తెలియనంత వంపు వస్తుంది. ఏడు గేర్ల ఫ్రీవీల్‌లో (వెనుక పళ్ళ చక్రాల గుత్తి) ఒక చక్రం నుండి పక్క చక్రానికి దూరం 5 మిల్లీమీటర్లే. పుల్లీ రెండు మిల్లీమీటర్లు పక్కకు ఒరిగితే ఏ స్క్రూ తిప్పినా ఒక చివర కుదిరి మరో చివర తప్పుతుంది. పెద్ద చక్రాల దగ్గర చక్కగా, చిన్న చక్రాల దగ్గర తడబడుతూ గేర్లు పడుతుంటే ముందుగా హ్యాంగర్‌ను అనుమానించాలి.

ఇంట్లో దీన్ని పరీక్షించడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. క్విక్ రిలీజ్ (పనిముట్టు లేకుండా మీటతో చక్రాన్ని విప్పే ఏర్పాటు) ఉండే వెనుక చక్రపు ఇరుసు మర, హ్యాంగర్ లోపలి మర ఒకటే: 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మర దూరం. డీరైలర్‌ను విప్పి, ఇంట్లో అలాంటి వేరే చక్రం ఉంటే క్విక్ రిలీజ్ కడ్డీ తీసి ఆ ఇరుసును హ్యాంగర్‌లోకి చేత్తోనే బిగించాలి. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కనే నిలబడతాయి. రెండు రిమ్ముల మధ్య దూరాన్ని పైన, కింద, ముందు, వెనుక స్కేలుతో కొలిస్తే నాలుగు చోట్లా ఒకే కొలత రావాలి. తేడా ఉంటే హ్యాంగర్ వంగినట్టు. విడిగా దొరికే హ్యాంగర్‌ను మార్చడమే మేలు, ఎందుకంటే అల్యూమినియం పదే పదే వంచితే విరుగుతుంది. ఫ్రేమ్‌తో కలిసే ఉన్న ఉక్కు హ్యాంగర్ అయితే జాగ్రత్తగా, కొద్దికొద్దిగా తిన్నగా చేయవచ్చు.

అపోహ: కొత్త గేరు వైరు సాగుతుంది, అందుకే కొన్నాళ్ళకు గేర్లు తప్పుతాయి.

మన చేతి బొటనవేలు లాగే బలానికి ఉక్కు వైరు చెప్పుకోదగ్గంతగా సాగదు. కొత్తలో జరిగేది వేరు: ఔటరు (వైరు మీద ఉండే తొడుగు) చివర్లు, వాటికి తొడిగిన టోపీలు తమ గూళ్ళలో పూర్తిగా కూర్చుంటాయి, దాంతో వైరు వదులవుతుంది. అందుకే వైరు బిగించాక, చైన్ పెద్ద చక్రం మీద ఉండగా ఫ్రేమ్ పక్కన బయటికి కనిపించే వైరును చేత్తో పట్టి గట్టిగా రెండు మూడు సార్లు లాగి, వదులైనంత మళ్ళీ బిగిస్తాను. ఆ పని చేస్తే వారం తర్వాత సర్దుబాటు అవసరం చాలా తగ్గుతుంది.

ఔటరు విషయం ఇంకా ముఖ్యం. బ్రేకు ఔటరు 5 మిల్లీమీటర్ల మందంతో, లోపల స్ప్రింగులా చుట్టిన ఉక్కుతో ఉంటుంది. గేరు ఔటరు సాధారణంగా 4 మిల్లీమీటర్లది, లోపల ఉక్కు తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి, కాబట్టి నొక్కుకుపోదు. గేరుకు బ్రేకు ఔటరు వేస్తే అది నొక్కుకుని, షిఫ్టరు ఒక క్లిక్కుకు వైరును లాగిన కొలత డీరైలర్‌కు చేరదు. అంతకంటే ప్రమాదం, గేరు ఔటరును బ్రేకుకు వేయడం: గట్టిగా బ్రేకు పట్టినప్పుడు అది పగిలిపోవచ్చు. మందాలు దగ్గరగా ఉన్నాయి కదా అని ఈ ఒక్క విషయంలో సర్దుకోవద్దని అందరినీ కోరుతున్నాను.

సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో వైరు లోపలే తుప్పు పడుతుంది. డీరైలర్ దగ్గర వంపు తిరిగే చిన్న ఔటరు ముక్కను విప్పి బల్ల మీద తడితే గోధుమరంగు పొడి రాలడం ఎన్నోసార్లు చూశాను. దీని లక్షణం స్పష్టంగా తెలుస్తుంది: పెద్ద చక్రం వైపుకు గేర్లు బాగానే పడతాయి, ఎందుకంటే అటు లాగేది మన చేయి, చిన్న చక్రం వైపుకు మాత్రం ఆలస్యంగా పడతాయి, ఎందుకంటే అటు లాగేది స్ప్రింగు ఒక్కటే, అది తుప్పును గెలవలేదు. అప్పుడు బ్యారెల్ అడ్జస్టర్‌ను ఎంత తిప్పినా ఫలితం ఉండదు. స్టెయిన్‌లెస్ ఉక్కు వైరు, కొత్త ఔటరు వేయాలి. కత్తిరించిన ఔటరు కొన నలగకుండా తిన్నగా ఉండాలి, మూసుకుపోయిన లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని సూదిమొనతో తెరవాలి.

అపోహ: ఏడు గేర్ల షిఫ్టరుకు ఏడు గేర్లదని రాసిన డీరైలర్ ఏ కంపెనీదైనా సరిపోతుంది.

క్లిక్కు అనేది షిఫ్టరులో ఉంటుంది. డీరైలర్‌కు గేర్ల లెక్క తెలియదు. షిమానో 1984లో డ్యూరా-ఏస్ అనే తన గేర్ల సెట్టుతో క్లిక్కు పద్ధతిని తెచ్చినప్పటి నుండి, వైరు ఒక క్లిక్కుకు ఎంత కదులుతుంది, దానికి డీరైలర్ ఎంత కదులుతుంది అనే రెండు కొలతలు కలిసి పనిచేయాలి. షిమానో ఏడు, ఎనిమిది, తొమ్మిది గేర్ల డీరైలర్లలో వైరు 1 మిల్లీమీటరు కదిలితే డీరైలర్ దాదాపు 1.7 మిల్లీమీటర్లు కదులుతుంది. అందువల్ల ఏడు గేర్ల షిమానో షిఫ్టరుతో తొమ్మిది గేర్ల షిమానో డీరైలర్ కూడా చక్కగా పనిచేస్తుంది. పాత డ్యూరా-ఏస్ నమూనాలే దీనికి మినహాయింపు. అదే స్రామ్ అనే మరో కంపెనీ వారి ఒకటికి ఒకటి పద్ధతి (వైరు ఎంత కదిలితే డీరైలర్ దాదాపు అంతే కదిలేది) డీరైలర్‌ను ఆ షిఫ్టరుకు కలిపితే ఎంత సర్దినా గేర్లు కుదరవు. కొనేటప్పుడు గేర్ల సంఖ్య కంటే ముందు ఈ పద్ధతిని అడగాలి.

అపోహ: 21 గేర్లంటే 21 వేర్వేరు గేర్లు.

ముందు 42, 34, 24 పళ్ళు, వెనుక 14 నుండి 28 పళ్ళు ఉన్న సైకిల్‌లో ముందు 42, వెనుక 28 వేస్తే నిష్పత్తి 1.5, ముందు 24, వెనుక 16 వేసినా అదే 1.5. పెద్దదానికి పెద్దది, చిన్నదానికి చిన్నది కలిపినప్పుడు చైన్ ఏటవాలుగా నడిచి ముందు డీరైలర్‌కు రాసుకునే చప్పుడు చేస్తుంది. అది సర్దుబాటు లోపం కాదు, దాన్ని సరిచేయబోయి మిగతా గేర్లను చెడగొట్టుకోవద్దు.

అపోహ: లేచి నిలబడి తొక్కినప్పుడు చైన్ జారితే వైరు బిగించాలి.

బరువు పడినప్పుడే జారుతుంటే ముందు చైన్ అరుగుదలను చూడాలి. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుండి దాని తర్వాతి 24వ పిన్ను దాకా దూరం కచ్చితంగా 12 అంగుళాలు. స్కేలు పెట్టినప్పుడు అది అంగుళంలో పదహారో వంతు పెరిగి ఉంటే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగేదాకా తొక్కితే ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది.

అపోహ: స్టాండు మీద గేర్లు పడితే పని అయిపోయినట్టే.

బిగువు సర్దే పద్ధతిని ముందు చెబుతాను. షిఫ్టరును చిన్న చక్రం గేరులో ఉంచి, బ్యారెల్ అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి బిగించి రెండు చుట్లు వెనక్కి తీసి, వైరును లాగి పట్టుకుని బిగించాలి. ఒక క్లిక్కు వేస్తే చైన్ రెండో చక్రం మీదికి రావాలి. రాకపోతే వెనుక నుండి చూస్తూ అడ్జస్టర్‌ను అపసవ్యదిశలో, మూడోదాని మీదికి దూకితే సవ్యదిశలో తిప్పాలి. రెండో చక్రం మీద ఉండగా, తర్వాతి క్లిక్కు పడనంత మెల్లగా షిఫ్టరును నొక్కితే చైన్ మూడో చక్రాన్ని తాకుతున్న గరగర వినిపించాలి, వదలగానే ఆగిపోవాలి. బిగువు సరిపోయిందనడానికి అదే గుర్తు.

ఆ తర్వాత సైకిల్‌ను రోడ్డు మీదికి తీసుకెళ్ళాలి, ఎందుకంటే మనిషి బరువు పడినప్పుడు చైన్ బిగువుతో గేరు పడే తీరు మారుతుంది. నేను కైలాసగిరి రోడ్డు ఎక్కుడు మొదట్లో ప్రతి గేరునూ రెండుసార్లు వేసి చూస్తాను, అవసరమైతే అడ్జస్టర్‌ను పావు చుట్టు తిప్పుతాను. తిరిగి వచ్చాక, బండిని ఇచ్చే ముందు, చైన్‌ను పెద్ద చక్రం మీద ఉంచి డీరైలర్‌ను మరోసారి స్పోకుల వైపు చేత్తో గట్టిగా నెట్టి చూస్తాను.