చుక్క ఏం చేస్తుంది?

సంక్రాంతి వచ్చిందంటే నల్లగొండ వాకిళ్ల నిండా చుక్కల ముగ్గులే. చుక్కలు పెట్టుకుంటే ఎవరైనా వేస్తారు, ఆధారం లేకుండా వేసేదే అసలు పనితనం అనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. చుక్క వెనక చాలా తెలివి ఉంది.

మీటరు పొడవు గీత గీస్తుంటే చెయ్యి ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందనుకోండి. చివరికొచ్చేసరికి గీత 17 మిల్లీమీటర్లు తప్పుతుంది. 5 సెంటీమీటర్లకో చుక్క ఉంటే, అదే డిగ్రీ తేడా తర్వాతి చుక్క దగ్గర 1 మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ సవరించుకుని చెయ్యి మళ్లీ సాగుతుంది. తప్పు పోగుపడదు.

అసలు చెయ్యి ఎందుకు తప్పుతుంది? భుజం, మోచెయ్యి, మణికట్టు తిరిగే కీళ్లు. ఏ ఒక్కటి కదిలినా వచ్చేది వంపే. తిన్నని గీత కావాలంటే రెండు మూడు కీళ్లు ఒక్కసారే పొందికగా కదలాలి. చూసి దిద్దుకుందామన్నా, కన్ను చూసింది చేతికి అందేసరికి సెకనులో పదో వంతుకు పైనే పడుతుంది.

కంటికి మాత్రం వరస తప్పిన చుక్క ఇట్టే తెలుస్తుంది. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక ఆర్క్ సెకను. కంటి తెర మధ్యలో వెలుగును పట్టే కోన్ కణాల ఎడం సుమారు 30 ఆర్క్ సెకన్లు. అయినా రెండు గీతలు ఒకే వరసలో ఉన్నాయో లేదో 10 ఆర్క్ సెకన్లలోపు తేడాకే మనం పట్టేస్తాం. ఎన్నో కణాలు పంపిన సమాచారాన్ని మెదడు కలిపి చూడటం వల్లే ఇది సాధ్యం. చేతికి కష్టమైన పనిని చుక్కలు కంటికి అప్పగిస్తాయి.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ నేతకారులకైతే గళ్ల కాగితం లేనిదే పని నడవదు. బట్ట పుట్టకముందే బొమ్మ నూలు మీదికి ఎక్కాలి. కాగితం మీది గడిని బట్టి ఏ పోగులను ఎక్కడ కట్టాలో తేల్చుకుని, అక్కడ రంగు అంటకుండా బిగించి (దీన్నే చిటికి కట్టడం అంటారు) రంగులో ముంచుతారు. వంపు కూడా అక్కడ మెట్లు మెట్లుగానే మారుతుంది. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకడం, నేసేటప్పుడు పోగులు కాస్త జరగడం వల్ల ఆ మెట్ల అంచులు మెత్తబడతాయి. ఇక్కత్ అందమంతా అందులోనే ఉందంటాను.

బజారులో దొరికే చిల్లుల అచ్చు సంగతి వేరు. పొడి పోస్తే ముగ్గు పడుతుంది గానీ, ఎటు తిరగాలన్న నిర్ణయం చేతికి ఉండదు. అడుగడుగునా దిద్దే సాయం సాధన సమయంలో బాగా పనిచేసినా, అది తీసేశాక నేర్చుకున్నది నిలవదని 1984లో సాల్మోని, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు.

పిల్లలకు నేర్పేటప్పుడు అచ్చు ఇవ్వకండి, చుక్కలివ్వండి. చెయ్యి కుదిరిన కొద్దీ వరసకు ఒకటి విడిచి ఒకటి తీసేయండి. చూపు గీత చేరాల్సిన చోట ఉండాలి, పెద్ద వంపులు భుజం నుంచి తిప్పాలి.